సుంకం సున్నా అయితే సరిపోతుందా? జంక్షన్ లారీలు చెప్పే ఎఫ్‌టీఏ పాఠం

విజయవాడ, ఏలూరు మధ్య హనుమాన్ జంక్షన్‌లో రాత్రి పది దాటాక కాసేపు నిలబడితే కృష్ణా డెల్టా ఆర్థిక వ్యవస్థ కళ్ల ముందే కదులుతుంది. గుడివాడ రోడ్డు మీదుగా చేపల లారీలు, ఐసు వేసిన రొయ్యల బండ్లు వస్తాయి. వేసవిలో నూజివీడు వైపు నుంచి మామిడి వస్తుంది. అన్నీ ఇక్కడే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాయి.

ఇందులో రెండు బండ్లను గమనించండి. ఒకటి చెరువు చేపల లారీ. బొచ్చె, శీలావతి నింపుకొని పశ్చిమ బెంగాల్‌కో అస్సాంకో వెళ్తుంది. మూడు నాలుగు రాష్ట్రాలు దాటినా దారిలో ఎక్కడా కస్టమ్స్ సుంకం కట్టదు. రెండోది రొయ్యల బండి. అది ముందు ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్తుంది. ఆ సరుకు గడ్డకట్టి, పెట్టెల్లోకి చేరి, కంటైనర్‌లో రేవు దాటుతుంది. ఏ దేశపు రేవులో దిగిందన్న దాన్ని బట్టి దాని మీద పడే సుంకం మారిపోతుంది. 2025 ఆగస్టు చివర్లో చూస్తే ఒక చోట సున్నా, ఇంకో చోట 4 శాతం, మరో చోట 50 శాతం.

రొయ్య అదే, చెరువు అదే. సుంకంలో ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు జవాబే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే ఎఫ్‌టీఏ. పోటీ పరీక్షల్లో దీని మీద ప్రశ్న రావడం మామూలే. డెల్టా పిల్లలకు మాత్రం ఇది పరీక్షతో అయిపోయే సంగతి కాదు, ఉద్యోగాల సంగతి కూడా.

అసలు ఎఫ్‌టీఏ ఏం చేస్తుంది?

ప్రపంచ వాణిజ్య సంస్థ మూల సూత్రాల్లో ఒకటి, సభ్య దేశాలన్నింటినీ ఒకేలా చూడాలన్నది. ఒక దేశానికి సుంకం తగ్గిస్తే మిగతా వాటికీ తగ్గించాలి. దీన్నే ఎంఎఫ్‌ఎన్ సూత్రం అంటారు. దీనికి ఒక మినహాయింపు ఉంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ దేశాలు తమ మధ్య జరిగే వాణిజ్యంలో దాదాపు అంతటి మీదా సుంకాలు ఎత్తేసుకుంటే, ఆ రాయితీని ఇతరులకు ఇవ్వక్కర్లేదు. గాట్ ఒప్పందంలోని 24వ అధికరణ దీనికి వీలిస్తుంది. చాలా ఎఫ్‌టీఏలు ఈ కిటికీలోంచి వచ్చినవే.

పేర్లు చూసి కంగారు పడొద్దు. కొన్ని సరుకులకే పరిమితమైతే పీటీఏ. ఎక్కువ సరుకులకు వర్తిస్తే ఎఫ్‌టీఏ. సేవలు, పెట్టుబడుల వంటివి కూడా కలిస్తే సెపా, సెకా లాంటి పేర్లు పెడతారు. మన దేశానికి ఆసియాన్, దక్షిణ కొరియా ఒప్పందాలు 2010 నుంచి, జపాన్ ఒప్పందం 2011 నుంచి అమల్లో ఉన్నాయి. యూఏఈ, ఆస్ట్రేలియా ఒప్పందాలు 2022లో మొదలయ్యాయి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టెయిన్‌లతో కూడిన ఎఫ్టా ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. బ్రిటన్‌తో సెటా ఒప్పందంపై 2025 జూలై 24న సంతకాలు జరిగాయి.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. సుంకం కట్టేది మన ఎగుమతిదారు కాదు, అవతలి దేశంలో సరుకు దించుకునే దిగుమతిదారు. అయితే భారం అక్కడితో ఆగదు. ‘నాకు ఖర్చు పెరిగింది, ధర తగ్గించు’ అని అతను మన ఎగుమతిదారును అడుగుతాడు. ఎగుమతిదారు చెరువు గట్టు మీద కౌంటు ధర తగ్గిస్తాడు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఎక్కడో విదేశీ రాజధానిలో సంతకమైన కాగితం కైకలూరు దగ్గర రైతు జేబును తాకేది ఈ దారిలోనే.

ఆగస్టు నేర్పిన పాఠం

ఎంపెడా లెక్కల ప్రకారం 2024-25లో దేశం నుంచి సుమారు 62,400 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు విదేశాలకు వెళ్లాయి. అందులో ఫ్రోజెన్ రొయ్యల వాటాయే దాదాపు 43,300 కోట్లు. పరిమాణంలో చూస్తే సుమారు 7.4 లక్షల టన్నుల రొయ్యలు వెళ్తే, 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే చేరాయి. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. అంటే డెల్టా చెరువుల రాబడిలో పెద్ద భాగం ఒకే కొనుగోలుదారు చేతిలో ఉందన్నమాట.

మనకు అమెరికాతో ఎఫ్‌టీఏ లేదు. అక్కడ మన రొయ్యకు మామూలు సుంకం ఉండేది కాదు, యాంటీ డంపింగ్, కౌంటర్‌వేలింగ్ సుంకాలు మాత్రం ఉండేవి. 2025 ఏప్రిల్‌లో అమెరికా 10 శాతం అదనపు సుంకం వేసింది. ఆగస్టు 7న అది 25 శాతమైంది. ఆగస్టు 27న మరో 25 కలిసి 50కి చేరింది. పాత సుంకాలతో కలిపితే మొత్తం 58 శాతం దాటింది. అదే ఆగస్టులో పోటీదారుల సంగతి చూడండి: ఈక్వెడార్‌పై 15 శాతం, ఇండోనేసియాపై 19, వియత్నాంపై 20.

ఇక్కడ గమనించాల్సింది మన మీద ఎంత పడిందన్నది ఒక్కటే కాదు. పక్కవాడి మీద ఎంత పడిందన్నదీ చూడాలి. అందరి మీదా 20 శాతం పడితే అందరి సరుకూ ఖరీదవుతుంది, పోటీ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మన మీద 50, ఈక్వెడార్ మీద 15 అయితే కొనేవాడు ఈక్వెడార్ వైపు తిరుగుతాడు. ఎఫ్‌టీఏ విలువ కూడా ఈ తేడాలోనే ఉంది.

ఒప్పందం కొత్త మార్కెట్ తెరవడంతో పాటు ఇంకో పని చేస్తుంది. సుంకం ఇంతకు మించదన్న మాటను కాగితం మీద పెట్టి, రాత్రికి రాత్రి మార్చడం కష్టమయ్యేలా చేస్తుంది. చెరువులో పిల్ల వేసిన రైతు పట్టుబడికి మూడు నాలుగు నెలలు ఆగాలి. ఆ లోపు సుంకం రెండుసార్లు మారిపోతే అతని లెక్కలన్నీ తప్పుతాయి. రేపటి ధర మీద కాస్త భరోసా దొరకడం కూడా ఎగుమతికి పెట్టుబడి లాంటిదే.

వియత్నాంకు ఉన్నది, మనకు లేనిది

ఇప్పుడు ఐరోపా సంగతి చూద్దాం. యూరోపియన్ యూనియన్‌తో ఈక్వెడార్ ఒప్పందం 2017 నుంచి, వియత్నాం ఒప్పందం 2020 ఆగస్టు నుంచి అమల్లో ఉన్నాయి. మనం ఈయూతో 2007లో చర్చలు మొదలుపెట్టాం. 2013లో అవి ఆగిపోయాయి. 2022లో మళ్లీ మొదలయ్యాయి. ఈలోగా మన ఫ్రోజెన్ రొయ్య అక్కడ 4.2 శాతం సుంకంతో దిగుతోంది.

నాలుగు శాతమేగా అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. కోటి రూపాయల కంటైనర్‌కు 4.2 లక్షలు. ప్రాసెసింగ్ వ్యాపారంలో మిగులు కొద్ది శాతాల్లోనే ఉంటుంది. రుచిలో, సైజులో తేడా లేని సరుకు రెండు దేశాల నుంచి వస్తుంటే, 4 లక్షలు తక్కువ పడేదే సూపర్ మార్కెట్ గొలుసు కొంటుంది. మన ప్లాంటు ఎంత శుభ్రంగా పని చేసినా ఈ తేడాను పనితనం ఒక్కదానితో పూడ్చడం కష్టం.

అందుకే బ్రిటన్ ఒప్పందాన్ని ఆక్వా రంగం ఆశగా చూస్తోంది. సంతకాల నాటికి సముద్ర ఉత్పత్తులపై అక్కడ సరుకును బట్టి సున్నా నుంచి 21.5 శాతం దాకా సుంకాలు ఉండేవి. ఒప్పందం ప్రకారం వాటిలో దాదాపు అన్నీ పోతాయి. మొత్తంగా మన సరుకుల రకాల్లో 99 శాతానికి బ్రిటన్‌లో సుంకం ఉండదు. అయితే సంతకం అయినంత మాత్రాన అమలైనట్టు కాదు, అక్కడి పార్లమెంటు ప్రక్రియ పూర్తి కావాలి. సంతకం తేదీ, అమలు తేదీ వేరువేరు. పరీక్షల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బ్రిటన్ మార్కెట్ అమెరికా అంత పెద్దది కాదు. ఒక్క ఒప్పందంతో 3 లక్షల టన్నులకు కొత్త దారి దొరకదు. బ్రిటన్‌కు కొంత, ఐరోపాకు కొంత, జపాన్, కొరియా, ఆస్ట్రేలియాలకు ఇంకొంత చొప్పున సర్దుకుంటేనే ఒక దేశం తలుపు వేసినా డెల్టా తట్టుకోగలుగుతుంది.

సుంకం అడ్డు లేదు, అయినా తలుపు తెరుచుకోలేదు

ఇప్పుడు అసలు మలుపు. ఆస్ట్రేలియాతో మన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉంది. మరి మన రొయ్యలు ఇష్టం వచ్చినట్టు అక్కడికి వెళ్లిపోయాయా? లేదు.

కారణం తెల్లమచ్చ. 1990ల్లో కోస్తా చెరువులను ఊడ్చేసిన ఆ వైరస్ పేరు ఇక్కడి రైతులకు కొత్త కాదు. 2016 చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరువుల్లో అది బయటపడింది. 2017 జనవరిలో ఆ దేశం పచ్చి రొయ్యల దిగుమతిని ఆపేసింది. తర్వాత కఠినమైన పరీక్షల షరతులతో తెరిచింది. మన పొట్టు తీయని పచ్చి రొయ్యకు మాత్రం దారి దొరకలేదు. 2025 అక్టోబరులో ఆస్ట్రేలియా పర్యటనలో ఉన్న రాష్ట్ర మంత్రి నారా లోకేష్, భారత రొయ్యల దిగుమతికి తొలి అనుమతి వచ్చిందని ప్రకటించారు. ఒప్పందం అమలైన దాదాపు మూడేళ్లకు!

ఐరోపాలోనూ ఇదే తీరు. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో ఈయూ 2016లో మన పెంపకపు రొయ్యల పెట్టెలకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే రెండు కంటైనర్లు వెళ్తే ఒకటి పరీక్షకు ఆగుతుంది. ఆగిన ప్రతి రోజుకూ కోల్డ్ స్టోరేజీ ఖర్చు పెరుగుతుంది. 2025 సెప్టెంబరులో అదే ఈయూ మన దేశంలోని మరో 102 ప్లాంట్లకు ఎగుమతి అనుమతి ఇచ్చింది. నమ్మకం ఒక్కసారిగా రాదు, రికార్డు చూపిస్తూ పోతే మెల్లగా వస్తుంది.

మామిడికీ ఇదే కథ. బంగినపల్లి జపాన్‌లో అడుగు పెట్టాలంటే వేడి ఆవిరితో శుద్ధి చేయాలి, పండు ఈగ లేదని నిరూపించాలి. సుంకం తగ్గినంత మాత్రాన ఆ షరతు పోదు.

వీటన్నింటినీ సుంకేతర అడ్డంకులు అంటారు. వాటిలో కొన్ని తమ ఉత్పత్తిదారులను కాపాడుకోవడానికి వేసే ఎత్తులు, కొన్ని తినేవాళ్ల ఆరోగ్యం కోసం పెట్టిన న్యాయమైన నిబంధనలు. ఏది ఏదో తేల్చడం దౌత్యవేత్తల పని. నిబంధన దాటే సరుకు తయారు చేయడం మాత్రం మన పని.

రొయ్యకూ జనన ధ్రువీకరణ కావాలి

ఇంకో మెలిక కూడా ఉంది. సున్నా సుంకం భారత సరుకుకే, భారత్ మీదుగా వచ్చిన సరుకుకు కాదు. వేరే దేశపు సరుకును ఇక్కడికి తెచ్చి, పెట్టె మార్చి లండన్ పంపితే రాయితీ వర్తించదు. దీన్ని నిర్ణయించేవే మూల నిబంధనలు, ఇంగ్లిషులో రూల్స్ ఆఫ్ ఆరిజిన్. సరుకుతో పాటు వెళ్లే రుజువు పేరు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే అర్హత ఉన్నా ఫీజు రాయితీ రానట్టే, ఈ పత్రం సరిగా లేకపోతే ఒప్పందం ఉన్నా పూర్తి సుంకం పడుతుంది.

రొయ్యల్లోనే ఉదాహరణ చూడండి. మనం పెంచే వెనామీ 2009లో వచ్చిన విదేశీ రకం. తల్లి రొయ్యలు విదేశాల నుంచి చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం మీదుగా హేచరీలకు వస్తాయి. పిల్ల ఇక్కడ పుట్టి, ఇక్కడి చెరువులో పెరుగుతుంది. అది భారత రొయ్యేనా? పైన పిండి పూత పూసి వేపుడుకు సిద్ధం చేస్తే, ఆ పిండి వేరే దేశం నుంచి వస్తే అప్పుడేంటి? ప్రతి ఒప్పందమూ దీనికి తన జవాబు తాను రాసుకుంటుంది. అది చదివి అర్థం చేసుకునే మనిషి ప్రతి ఎగుమతి సంస్థకూ అవసరం.

తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ ఉంటుంది

ఎఫ్‌టీఏ అంటే మనకు మాత్రమే లాభం అనుకుంటే పొరపాటు. బ్రిటన్ విస్కీపై మనం 150 శాతం సుంకాన్ని ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గిస్తామని ఒప్పుకున్నాం. కార్లకు కోటా ఇచ్చాం. ఆసియాన్ ఒప్పందం తర్వాత ఆ దేశాలతో మన వాణిజ్య లోటు పెరిగిందనే ఇప్పుడు దాన్ని సమీక్షిస్తున్నారు. 2019 నవంబరులో ఆర్‌సెప్ నుంచి మనం బయటికి వచ్చిందీ ఇలాంటి భయాలతోనే.

దీనికి మన చుట్టూనే సాక్ష్యం ఉంది. జంక్షన్ నుంచి నూజివీడు, పెదవేగి వైపు వెళ్తే ఆయిల్‌పామ్ తోటలు కనిపిస్తాయి. పెదవేగిలోనే భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. 2025 మే నెలాఖరులో కేంద్రం ముడి పామాయిల్‌పై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. అది ఎఫ్‌టీఏ వల్ల తగ్గించింది కాదు, వంటనూనెల ధరల కోసం మనంతట మనం తీసుకున్న నిర్ణయం. అయినా గెలల రైతుకు అది దిగులే. ఒకే మండలంలో రొయ్యల రైతు అవతలి దేశం సుంకం తగ్గాలంటాడు, ఆయిల్‌పామ్ రైతు మన దేశం సుంకం తగ్గొద్దంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. వాణిజ్య విధానం మీద వ్యాసం రాసేవాళ్లు ఈ రెండు గొంతులూ వినిపిస్తే మార్కులు వాటంతటవే వస్తాయి.

మరి ఉద్యోగాలు ఎక్కడ?

ఇంత చెప్పుకున్నాక తేలేది ఒక్కటే. ప్రభుత్వాలు సుంకం తగ్గించగలవు. ఆ సున్నాను సొమ్ముగా మార్చేది మాత్రం ల్యాబ్‌లో పరీక్ష, ప్లాంటులో శుభ్రత, ఆఫీసులో కాగితం. ఈ మూడు చోట్లా మనుషులు కావాలి.

పరీక్షలు, నాణ్యత: మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది సహజమైన దారి. ఐరోపాకు వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే ఎలీసా పరీక్ష చేసి ధ్రువీకరణ ఇస్తారు. ప్లాంటుల్లో క్వాలిటీ కంట్రోలర్లు, హసప్ పద్ధతి తెలిసిన టెక్నాలజిస్టులు తప్పనిసరి. ఫిషరీస్ సైన్స్ డిగ్రీకి నెల్లూరు జిల్లా ముత్తుకూరు కళాశాల పాత పేరు. నరసాపురంలో ఫిషరీస్ విశ్వవిద్యాలయం ఉంది.

కాగితాల పని: బీకాం, బీబీఏ వాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, కంటైనర్ కదలాలంటే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్, హెల్త్ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒక్క అంకె తేడా వస్తే సరుకు రేవులో ఆగుతుంది. మొదట నేర్చుకోవాల్సింది హెచ్‌ఎస్ కోడ్. ఫ్రోజెన్ రొయ్యది 0306.17. ఈ ఆరంకెలు ప్రపంచమంతా ఒక్కటే. వండి, తయారు చేసిన రొయ్య అయితే 1605 కిందికి వెళ్తుంది, సుంకమూ మారుతుంది.

కస్టమ్స్, వాణిజ్య విద్య: కస్టమ్స్ బ్రోకర్ లైసెన్స్ పరీక్షను నిర్వహించే నాసిన్‌కు శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో పెద్ద ప్రాంగణం ఉంది. అంతర్జాతీయ వాణిజ్యం చదవాలనుకుంటే ఐఐఎఫ్‌టీ 2022 నుంచి కాకినాడలోనూ నడుస్తోంది.

సొంతంగా చేయాలనుకునేవాళ్లకు డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో పాన్ ఆధారంగా, 500 రూపాయల ఫీజుతో ఐఈసీ నంబరు వస్తుంది. అది దొరకడం తేలికే. కొనేవాడిని వెతకడం, నమ్మించడం, డబ్బు రాబట్టడం తేలిక కాదు. వారం కోర్సుతో ఎగుమతిదారు అయిపోతారన్న ప్రకటనలు చూసి అప్పు చేయకండి. ముందు ఒక ప్లాంటులోనో ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గరో రెండేళ్లు పని చేయండి. మొదటి జీతం తక్కువగానే ఉంటుంది. సీజన్‌లో రాత్రి షిఫ్టులు తప్పవు, ప్లాంటులో చలి కూడా ఉంటుంది. కానీ అక్కడ నేర్చిన పని విశాఖ రేవులో పనికొస్తుంది, దుబాయ్‌లోనూ పనికొస్తుంది.

జంక్షన్ పక్కనే, బాపులపాడు మండలం మల్లవల్లిలో పారిశ్రామిక పార్కు, ఫుడ్ పార్కు ఉన్నాయి. ఇంటి నుంచి బైకు మీద వెళ్లి వచ్చే దూరంలో ఏయే ఆహార సంస్థలు ఉన్నాయో, అవి ఏం తయారు చేస్తున్నాయో, ఎక్కడికి పంపుతున్నాయో ఒక ఆదివారం కూర్చుని జాబితా రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘మా గురించి మీకేం తెలుసు’ అని అడిగినప్పుడు, ‘మీ సరుకు హెచ్‌ఎస్ కోడ్ ఇది సార్, బ్రిటన్ ఒప్పందంతో సుంకం ఇంత తగ్గుతుంది’ అని చెప్పగలిగే అభ్యర్థిని ఎవరూ తేలిగ్గా మర్చిపోరు.

గుర్తుంచుకోండి

యూఏఈ సెపా: 2022 ఫిబ్రవరి 18న సంతకాలు, మే 1 నుంచి అమలు.
ఆస్ట్రేలియా ఎక్టా: 2022 ఏప్రిల్ 2న సంతకాలు, డిసెంబరు 29 నుంచి అమలు.
ఎఫ్టా టెపా: 2024 మార్చి 10న సంతకాలు, 2025 అక్టోబరు 1 నుంచి అమలు. 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి లక్ష్యం.
బ్రిటన్ సెటా: 2025 జూలై 24న సంతకాలు. తాత్కాలికంగా అక్కడికి వెళ్లే మన ఉద్యోగులకు అక్కడి సామాజిక భద్రత చెల్లింపుల నుంచి మినహాయింపు ఇచ్చే విడి ఒప్పందం కూడా దీనితో పాటే కుదిరింది.
ఎంపెడా: 1972లో ఏర్పాటు, ప్రధాన కార్యాలయం కొచ్చి.
ఎఫ్‌టీఏలకు ఆధారం: గాట్ 24వ అధికరణ.

ఈసారి జంక్షన్‌లో బస్సు కోసం ఆగినప్పుడు రొయ్యల బండి ఎదురైతే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ సరుకు ఏ దేశంలో దిగుతుంది, అక్కడ దీన్ని ఏ కాగితం అడుగుతారు? జవాబు వెతకడం మొదలుపెట్టిన రోజే మీ ప్రిపరేషన్ మొదలైనట్టు.